కణానికీ ఓ ఇల్లు కావాలి.. ప్లాస్టిక్ మీద!

ప్లాస్మా అనగానే చాలామందికి కరోనా టైమే గుర్తొస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో ‘ఓ పాజిటివ్ ప్లాస్మా కావాలి, అర్జెంట్’ అనే మెసేజ్‌లు! నేను చెప్పబోయేది ఆ ప్లాస్మా గురించి కాదు. ట్యూబ్‌లైట్‌లో వెలిగే ప్లాస్మా గురించి. విద్యుత్తు తగిలి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు ఇది. దీనికి ఆ పేరు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, 1928లో. మీ ఫోన్‌లోని చిప్ మీద గీతలు చెక్కేదీ ఈ ప్లాస్మానే. ల్యాబుల్లో మనిషి కణాలకు నిలువ నీడ ఇచ్చేదీ ఇదే.

పోయింది పది రోజుల పని

నేను కోడ్ రాసుకునేవాణ్ని. బయాలజీని టెన్త్‌తోనే వదిలేశా. ఈ సంగతంతా తెలిసింది నా రూమ్మేట్ వల్ల. తార్నాకలో ఇద్దరిదీ ఒకే ఫ్లాట్. వాడు రీసెర్చ్ స్కాలర్. ఏ ల్యాబో ఎందుకులెండి. ఓ సాయంత్రం ఓయూ క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ వైపు నడుస్తుంటే మనిషి ఉలుకూ పలుకూ లేడు.

‘‘ఏమైందిరా?’’ అన్నా.

‘‘సెల్స్ అన్నీ పోయాయి మామా. పది రోజుల పని. ఫెలోషిప్ చూస్తే ఇంకో ఆరు నెలలే ఉంది’’ అన్నాడు.

కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. స్టోర్స్ నుంచి వచ్చిన డిష్‌లు మామూలువి, అంటే బ్యాక్టీరియా పెంచేవి. వాడికి కావాల్సింది ‘టిష్యూ కల్చర్ ట్రీటెడ్’ అని రాసి ఉండే రకం. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే. రెండూ పాలీస్టైరీనే. మన థర్మాకోల్ ఉంది చూశారూ, అదీ ఈ ప్లాస్టిక్కే.

తామరాకు మీద నీటిబొట్టు

పాలీస్టైరీన్‌కి నీళ్లంటే పడదు. దాని మీద నీటిబొట్టు తామరాకు మీద బొట్టులా ఉబ్బి నిలబడుతుంది, పరుచుకోదు. కణం కూడా నేరుగా ప్లాస్టిక్‌ని పట్టుకోదు. కణాలకు పోసే ద్రవంలోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ లాంటి ప్రొటీన్లు ముందుగా డిష్ అడుగున పరుచుకోవాలి. అప్పుడు కణం తన ‘ఇంటిగ్రిన్’ అనే చేతులతో వాటిని పట్టుకుంటుంది. రష్‌గా ఉన్న సిటీ బస్సులో మనం పైన కడ్డీ పట్టుకున్నట్టు. మామూలు ప్లాస్టిక్ మీద ఆ ప్రొటీన్లు సరిగా కుదురుకోవు. కడ్డీ ఉండదు, పట్టు దొరకదు.

పట్టు దొరక్కపోతే మన ఒంట్లోని చాలా రకాల కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. దీనికి సైన్సులో ‘అనోయికిస్’ అని పేరు. గ్రీకులో ఆ మాటకు ఇల్లు లేకపోవడం అని అర్థమట. రూమ్మేట్ ఇది చెప్పినప్పుడు నాకు నిజంగానే ఒళ్లు జలదరించింది.

వేడి లేని మెరుపు

మరి ట్రీట్ చేయడం అంటే ఏం చేస్తారు? డిష్‌ని ఓ గదిలాంటి పెట్టెలో పెట్టి గాలి తోడేస్తారు. కొంచెం ఆక్సిజనో ఆర్గానో వదిలి కరెంటు ఇస్తారు. లోపల వాయువు మెరుస్తుంది. ఎలక్ట్రాన్లు మాత్రం మహా వేడిగా ఉంటాయి, వాయువు మొత్తం చల్లగానే ఉంటుంది. అందుకే ప్లాస్టిక్ కరగదు. పైపొరలోని కార్బన్, హైడ్రోజన్ బంధాలు కొన్ని తెగి, ఆ ఖాళీల్లో ఆక్సిజన్ ఉన్న అణు సమూహాలు వచ్చి చేరతాయి. ఇదంతా జరిగేది కొన్ని నానోమీటర్ల లోతులోనే. మిల్లీమీటర్‌లో 10 లక్షల వంతు నానోమీటర్! లోపలి ప్లాస్టిక్ చెక్కుచెదరదు. పైన మాత్రం నీటిబొట్టు చక్కగా పరుచుకుంటుంది.

అలాగని ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిదని కాదు. నీటిని మరీ ఇష్టపడే పూతల మీద కూడా కణాలు నిలవవు. ఇంకో చిక్కు, ప్లాస్టిక్ అణువుల గొలుసులు మెల్లగా తిరగబడి, కొన్నాళ్లకు ఉపరితలం కొంతవరకు పాత గుణానికి వచ్చేస్తుంది.

కొత్త డిష్‌లు వచ్చాక వాడు నాకు రెండు ఫొటోలు పంపాడు. మొదటిదాంట్లో కణాలు గుండ్రంగా తేలుతున్నాయి. రెండోదాంట్లో కాళ్లు చాపుకుని హాయిగా పరుచుకున్నాయి.

మన వీధిలోనే ఇంత సైన్స్

తార్నాక మెట్రో దిగి హబ్సిగూడ వైపు వెళ్తే ఐఐసీటీ, సీసీఎంబీ వస్తాయి. ఐఐసీటీ 1944లో మొదలైంది. దాని ఆవరణలోనే 1977లో సీసీఎంబీ పుట్టింది. 2020లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు కరోనా వైరస్‌ని ల్యాబులో పెంచారు. అందుకు వాడింది వీరో కణాలు. 1962లో జపాన్‌లో ఆఫ్రికన్ గ్రీన్ మంకీ కిడ్నీ నుంచి తీసిన కణాల సంతతి అది. మన హైదరాబాద్ కోవాగ్జిన్ తయారైందీ వీరో కణాల్లోనే. ఇవి కూడా ఏదో ఒక ఉపరితలాన్ని పట్టుకుంటే తప్ప పెరగని రకం.

ఇప్పుడు పరిశోధన డిష్ దాటి ఒంట్లోకి వెళ్తోంది. 3డీ ప్రింటర్లలో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ తెలుసుగా? అలాంటి పాలిమర్ల దారాలతో సన్నని వల అల్లి, ప్లాస్మా తగిలించి, దాని మీద చర్మం, ఎముక కణాలు పెంచే ప్రయత్నాలు ప్రపంచమంతా జరుగుతున్నాయి. కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు ఆ కొన్ని నానోమీటర్లు ఎంత విలువైనవో ఆలోచించండి.

మీకూ ఆసక్తి ఉంటే ఓ తేదీ గుర్తుపెట్టుకోండి. సెప్టెంబర్ 26, సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినోత్సవం. ఆ సందర్భంగా సీఎస్ఐఆర్ ల్యాబులు విద్యార్థులకు తలుపులు తెరుస్తుంటాయి. వెళ్తే పెద్ద మెషీన్లతో పాటు ఆ చిన్న ప్లాస్టిక్ డిష్‌ని కూడా ఓసారి అడిగి చూడండి.