కరెంటు వచ్చింది.. నెట్ రాలేదు! ర్యాక్‌లో రూటర్ బిగించేటప్పుడు ఇవి మరిస్తే అంతే సంగతులు

ఈదురుగాలి వీచింది.. కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, మోటార్లు ఆన్ అయ్యాయి. నెట్ మాత్రం రాలేదు. సచివాలయంలో సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు బెంచీల మీదే కూర్చున్నారు. నెట్ సెంటర్‌లో ఉద్యోగ దరఖాస్తుకు ఆఖరి రోజని కుర్రాళ్లు కంగారు పడుతున్నారు. కేబుల్ ఆపరేటర్ ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఆమదాలవలసలోనే కాదు, ఉత్తరాంధ్రలో ఏ చిన్న పట్టణంలోనైనా వానాకాలంలో ఇది కొత్త దృశ్యమేమీ కాదు.

ఫైబర్ తెగిందేమో అనుకుంటారు అందరూ. చాలాసార్లు తెగదు. సమస్య ఉండేది గదిలో, ఇనుప ర్యాక్‌లో బిగించిన రూటర్ దగ్గరే. పెట్టినరోజు బ్రహ్మాండంగా పనిచేసిన రూటరే. మరి కరెంటు పోయి వచ్చేసరికి ఏమైంది? అసలు ర్యాక్ రూటర్‌ను ఎలా బిగించాలి? ఎలా సెట్ చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఊరికి నెట్ వచ్చే దారి ఇదీ

ఆమదాలవలస రైల్వే స్టేషన్ బోర్డు మీద కనిపించే పేరు శ్రీకాకుళం రోడ్. హౌరా - చెన్నై మెయిన్ లైన్ ఇక్కడి నుంచే వెళ్తుంది. దేశంలో రైలు పట్టాల వెంబడి ఫైబర్ వేసి నడిపే ప్రభుత్వ సంస్థ రైల్‌టెల్. 2000లో ఏర్పాటైంది. ఇక రాష్ట్ర ప్రభుత్వ ఏపీ ఫైబర్‌నెట్‌ది మరో పద్ధతి. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. భూమి తవ్వే ఖర్చు తగ్గించేందుకు కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు. సబ్‌స్టేషన్లలో పరికరాలు పెట్టారు. కంట్రోల్ కేంద్రం విశాఖలో ఉంది. అక్కడి నుంచి ఇంటిదాకా చేర్చే బాధ్యత ఎక్కువగా స్థానిక కేబుల్ ఆపరేటర్లదే.

స్తంభాల మీది కేబుల్‌తో లాభమూ ఉంది, ఇబ్బందీ ఉంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో వేల కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. స్తంభం పడితే దానిమీది తీగ ఆగుతుందా? తుపానును ఎవరూ ఆపలేరు. కానీ లైన్ మళ్లీ బాగయ్యాక కూడా గదిలోని రూటర్ లేవకపోతే ఆ తప్పు తుపానుది కాదు, బిగించినవాళ్లది.

ముందు టేపు.. తర్వాతే స్క్రూడ్రైవర్

ర్యాక్ అంటే రెండు లేదా నాలుగు నిలువు ఇనుప పట్టీల చట్రం. అందులో బిగించే పరికరం ముందు పలక వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును 'యూ'ల్లో లెక్కిస్తారు. 1 యూ అంటే 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. కొనేముందు మూడు కొలతలు చూసుకోవాలి. ఎన్ని యూలు ఖాళీ ఉన్నాయి? ర్యాక్ లోతు ఎంత? రూటర్ వెనక కేబుల్ వంగడానికి చోటుందా? గోడకు తగిలించే చిన్న ర్యాక్‌లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది లోతే. రూటర్ పడుతుంది, వెనక ప్లగ్ పట్టదు!

బరువైనవి కింద, తేలికైనవి పైన.. ఇది మొదటి సూత్రం. యూపీఎస్, బ్యాటరీలు అడుగున ఉండాలి. రూటర్ చెవులకు నాలుగు స్క్రూలు పడాలి. రెండే ఉన్నాయి కదా అని రెండే బిగిస్తే కొన్నాళ్లకు పలక వంగుతుంది.

రెండోది గాలి. చాలా రూటర్లు ముందు నుంచి చల్లగాలి పీల్చి వెనక నుంచి వేడి వదులుతాయి. కొన్ని పక్క నుంచి పక్కకు వదులుతాయి. ఏ దిక్కో చూసుకుని, ఆ దారికి గోడ గానీ కేబుళ్ల కట్ట గానీ అడ్డం రాకుండా పెట్టాలి. ఖాళీ యూలకు మూత పలకలు వేస్తే వదిలిన వేడి గాలి మళ్లీ ముందుకు తిరిగి రాదు. కేబుల్ లోపలికొచ్చే రంధ్రాన్ని కూడా మూయాలి. బల్లులు, చీమలు, ఎలుకలు పిలవకుండానే వస్తాయి.

ఎర్తింగ్ లేకపోతే ఏదీ లేదు

ప్లగ్ పెట్టకముందే వేయాల్సింది ఎర్త్ వైరు. రూటర్ బాడీకి దీనికోసమే ఒక స్క్రూ ఉంటుంది. అక్కడి నుంచి ఆకుపచ్చ వైరు ర్యాక్‌లోని రాగి పట్టీకి, అక్కడి నుంచి భవనం ఎర్త్ పిట్‌కు వెళ్లాలి. రంగు వేసిన ఇనుము మీద వైరు బిగిస్తే కనెక్షన్ దొరకదు, ఆ చోట రంగు గీకాలి.

పిడుగుల సీజన్‌లో దీని విలువ తెలుస్తుంది. ఫైబర్ గాజు కాబట్టి అందులోంచి కరెంటు పారదు. కానీ కొన్ని కేబుళ్లకు బలం కోసం స్టీలు తీగ ఉంటుంది. అది గదిలోకి రాకముందే బయట ఎర్త్ చేయాలి. డాబా మీది కెమెరాకో, యాంటెనాకో వెళ్లే రాగి లాన్ కేబుల్ ఇంకా ప్రమాదం. పిడుగు పక్కన పడినా చాలు, ఆ కేబుల్ వెంట వచ్చిన వోల్టేజీ రూటర్ పోర్టును కాల్చేస్తుంది. అలాంటి లైన్‌కు సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి. ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించి చూసుకోవాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ ఎక్కువగా చూపిస్తే రూటర్ ఆన్ చేయకుండా ముందు దాన్ని బాగు చేయించాలి.

బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? లెక్క ఇదీ

కొన్ని రూటర్లకు రెండు పవర్ సప్లయిలు ఉంటాయి. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకోవాలని. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే ఆ ఏర్పాటు దండగ. ఒకటి యూపీఎస్‌కు, రెండోది వేరే లైన్‌కు ఉండాలి.

బ్యాటరీ విషయంలో అంచనాలు పనికిరావు. ఉదాహరణకు రూటర్ 60 వాట్లు, ఇళ్లకు సిగ్నల్ పంపే ఓఎల్‌టీ 80 వాట్లు, స్విచ్ 40 వాట్లు అనుకుందాం. మొత్తం 180 వాట్లు. 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద ఉండేది 1,800 వాట్-అవర్లు. ఇన్వర్టర్‌లో కొంత నష్టం, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి కొంత తీసేస్తే చేతికొచ్చేది సుమారు 1,000. అంటే ఐదున్నర గంటలు. బ్యాటరీ పాతబడేకొద్దీ ఇదీ తగ్గుతుంది. రాత్రంతా కరెంటు రాని ఊళ్లో ఇది సరిపోతుందా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఫైబర్ పెట్టేటప్పుడు కళ్లు జాగ్రత్త

ఫైబర్ చివరను కంటితో చూడకూడదు. అందులోని వెలుతురు కంటికి కనిపించదు, కానీ హాని చేస్తుంది. రూటర్‌లో ఫైబర్ పెట్టేచోట వేలెడంత మాడ్యూల్ ఉంటుంది, దాన్నే ఎస్‌ఎఫ్‌పీ అంటారు. రెండు పోగుల లైన్ అయితే ఇవతలి పంపే పోగు అవతలి అందుకునే రంధ్రానికి చేరాలి. ఒకే పోగు మీద నడిచే లైన్ అయితే మాడ్యూళ్లు జతగా ఉండాలి. ఇవతల 1310 నానోమీటర్లలో పంపేది ఉంటే, అవతల 1310 అందుకునేది పెట్టాలి. రెండు వైపులా ఒకే రకం పెట్టి లైట్ రావడం లేదని రోజంతా తల పట్టుకోవడం అనుభవం లేనివాళ్లకు మామూలే.

లైట్ వెలిగితే చాలదు, సిగ్నల్ బలం కొలవాలి. 10 కిలోమీటర్ల ఎల్‌ఎక్స్ మాడ్యూల్ సాధారణంగా మైనస్ 19 డీబీఎం దాకా అందుకోగలదు. మీటర్ మైనస్ 18 చూపిస్తే ఈరోజు నెట్ వస్తుంది.. రేపు కనెక్టర్ మీద కాస్త దుమ్ము పడితే పోతుంది. కనీసం 3 డీబీ మిగులు ఉండేలా చూసుకోవాలి. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం కనెక్టర్‌కు కలపకూడదు. వాటి చివరల కోత వేరు.

ప్రతి కేబుల్‌కూ రెండు చివరలా చీటీ అంటించాలి. అర్ధరాత్రి టార్చిలైటు వెలుతురులో పనిచేసేవాడికి ఆ చీటీయే దిక్కు.

సెట్టింగ్ మొదలుపెట్టేది కన్సోల్ నుంచే

రూటర్‌లోకి వెళ్లేందుకు కన్సోల్ అనే ప్రత్యేక పోర్టు ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను దానికి కలిపితే నెట్‌వర్క్ అడ్రస్ తప్పు కొట్టినా బయట పడిపోరు. స్పీడు సరిపోవాలి. సిస్కో రూటర్లకు సాధారణంగా 9600, మైక్రోటిక్ రూటర్లకు 1,15,200. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే స్పీడు తప్పని అర్థం.

బయటి లైన్ తగిలించకముందే పాస్‌వర్డ్ మార్చాలి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి. బయటి నుంచి లోపలికి వచ్చే దారులు మూసేయాలి. ఇదెందుకో 2018 చెబుతుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మైక్రోటిక్ రూటర్లలో ఒక లోపం బయటపడింది. కంపెనీ వెంటనే మందు విడుదల చేసింది. అయినా చాలామంది అప్‌డేట్ చేయలేదు. ఆగస్టుకల్లా బ్రెజిల్ మొదలుకొని పలు దేశాల్లో లక్షకు పైగా రూటర్లు హ్యాకర్ల చేతికి చిక్కాయి. వాటి వెనకున్న జనం వెబ్‌పేజీలు తెరిస్తే చాలు, వాళ్ల కంప్యూటర్లు తెలియకుండానే హ్యాకర్ల కోసం క్రిప్టో నాణేలు తవ్వాయి.

తర్వాత అడ్రస్‌లు. నెట్ ఇచ్చే సంస్థ ఒక అడ్రస్, మాస్క్, గేట్‌వే ఇస్తుంది. ఇంటి నంబర్, వీధి, వీధి చివరి గేటు అనుకోవచ్చు. ఉదాహరణకు 203.0.113.2, మాస్క్ 255.255.255.252, గేట్‌వే 203.0.113.1. ఈ మాస్క్‌తో ఆ వీధిలో రెండే ఇళ్లు.. ఒకటి మీది, ఒకటి వాళ్లది. లోపలి వైపు 192.168.10.1 లాంటి సొంత అడ్రస్ ఇచ్చి, లోపలి కంప్యూటర్లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని, అందరినీ ఒకే బయటి అడ్రస్‌తో పంపే నాట్‌ను ఆన్ చేయాలి.

గడియారం కూడా సరిచేయాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలపాలి. టైమ్ తప్పైతే ఆ లాగ్‌లు దేనికీ సాక్ష్యం కావు.

అసలు పరీక్ష: ప్లగ్ పీకేయండి!

ఇప్పుడు వరుసగా పింగ్ చేసి చూడాలి. ముందు గేట్‌వేకు. వస్తే లైన్ బాగున్నట్టు. తర్వాత 8.8.8.8కు. వస్తే బయటి ప్రపంచానికి దారి ఉన్నట్టు. చివరగా ఏదైనా వెబ్‌సైట్ పేరుతో. అది మాత్రమే రాకపోతే తప్పు డీఎన్‌ఎస్‌లో. ఈ వరుస తెలిస్తే గంటల వెతుకులాట నిమిషాల్లో తేలుతుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నెట్ వచ్చింది, టీ తాగి వెళ్లిపోదాం అనుకుంటారు. మొదట్లో చెప్పిన సమస్య పుట్టేది సరిగ్గా ఇక్కడే. సిస్కో తరహా రూటర్లలో చేసిన మార్పులు నడుస్తున్న మెమరీలోనే ఉంటాయి. 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్' అని కమాండ్ ఇస్తేనే శాశ్వతంగా దాచుకుంటాయి. ఇవ్వకపోతే? ఆరు నెలలు నెట్ హాయిగా నడుస్తుంది. ఒకరోజు కరెంటు పోతుంది. బ్యాటరీ అయిపోతుంది. కరెంటు వచ్చాక రూటర్ లేస్తుంది.. చేసిన మార్పులన్నీ మరిచిపోయి! మైక్రోటిక్ తనంతట తానే దాచుకుంటుంది. అయినా రూటర్ కాలిపోతే అందులోవి కూడా పోతాయి. అందుకే బ్యాకప్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆఫీసులో ఒకటి ఉండాలి. అడ్రస్‌లు, పోర్టుల వివరాలు కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపల అంటించాలి. పాస్‌వర్డ్‌లు మాత్రం అక్కడ కాదు.

సేవ్ చేశాక చివరి పని ఒకటుంది. జనం తక్కువ వాడే వేళ చూసి ముందు గోడ స్విచ్ ఆపాలి. బ్యాటరీ మీద రూటర్ నడుస్తోందా? తర్వాత యూపీఎస్ కూడా ఆపి, మొత్తం చీకటి చేసి, ఐదు నిమిషాలాగి మళ్లీ వేయాలి. ఎవరూ కీబోర్డు ముట్టుకోకుండా నెట్ వచ్చిందా? వస్తే పని పూర్తయినట్టు. రాకపోతే సంతోషించాలి.. ఎందుకంటే బాగుచేసే మనిషి ఇంకా గదిలోనే ఉన్నాడు. అదే తుపాను రాత్రి బయటపడితే ఆ మనిషి శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉంటాడు.. దారిలో చెట్లు పడి ఉంటాయి.