చదరంగపు గళ్ళలో ఒక మహాసంఖ్య

చదరంగం బల్లపై మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళలోనూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలవుతాయి. ఇది ఇరవై అంకెల సంఖ్య. భారతీయులు పద్దెనిమిదవ స్థానానికి పరార్ధమని పేరు పెట్టినట్లు అల్-బీరూనీ తన 'కితాబుల్ హింద్'లో వివరించాడు. ఆ లెక్కన ఇది 184 పరార్ధాల పైమాట.

చదరంగాన్ని కనిపెట్టిన సిస్సా బిన్ దాహిర్ అనే భారతీయుడు షిహ్రామ్ రాజును ఈ గోధుమలనే బహుమానంగా కోరాడనీ, రాజు దానిని అల్పమైన కోరికగా భావించాడనీ ఒక కథ ఉంది. దీనిని ఉల్లేఖించిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ (మరణం హి. 681/క్రీ.శ. 1282) కూడా మొదట ఈ లెక్కను నమ్మలేదు. అలెగ్జాండ్రియాకు చెందిన ఒక గణకుడు దానిని కాగితంపై చూపించిన తరువాతనే ఆయన సందేహం తీరింది. పదహారవ గడిలోని 32,768 గింజలను ఆ గణకుడు ఒక 'ఖదహ్' కొలతగా తీసుకున్నాడు. నలభైయవ గడికి వచ్చేసరికి అవి ఒక ధాన్యాగారమంత అయ్యాయి. ఏభైయవ గడిలో అటువంటి ధాన్యాగారాలు 1,024 అయ్యాయి. వాటిని ఒక నగరమనుకుంటే, చివరి గడి ఒక్కదానికే 16,384 నగరాలు కావలసి వచ్చింది.

అంతకు రెండున్నర శతాబ్దాలకు పూర్వమే, క్రీ.శ. 1000 ప్రాంతంలో రచించిన 'అల్-ఆసారుల్ బాఖియా'లో అల్-బీరూనీ ఈ సంఖ్యను సాధించాడు. ఆయన అరవై నాలుగు గళ్ళనూ కూడుతూ కూర్చోలేదు. రెండు సూత్రాలను ఆధారం చేసుకున్నాడు. ఒక గడిలోని సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే, మొదటి గడి నుండి అది ఎంత దూరమో దానికి అవతల అంతే దూరంలో ఉన్న గడి సంఖ్య వస్తుంది. ఇది మొదటి సూత్రం. అయిదవ గడిలో 16. దాని వర్గం 256, తొమ్మిదవ గడి. 256 వర్గం 65,536, పదిహేడవ గడి. దాని వర్గం 4,29,49,67,296, ముప్పై మూడవ గడి. మరొక్కసారి వర్గం చేస్తే బల్లపై లేని అరవై అయిదవ గడి లభిస్తుంది. ఏ గడి వరకైనా గళ్ళ మొత్తం, దాని తరువాతి గడి కంటే ఒకటి తక్కువ. ఇది రెండవ సూత్రం. కనుక అరవై అయిదవ గడి నుండి ఒకటి తీసివేస్తే చాలు.

ఈ వర్గాల మార్గమే ఆ సంఖ్య అంతర్నిర్మాణాన్ని కూడా తెలుపుతుంది. ఒక వర్గం నుండి ఒకటి తీసివేస్తే మిగిలేది రెండు సంఖ్యల లబ్ధం: 256లో ఒకటి తీస్తే 255, అనగా 15×17. ఇలా విడదీస్తూ పోతే మన మహాసంఖ్య 3×5×17×257×65,537×4,29,49,67,297 అవుతుంది. వీటిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరవది కూడా ప్రధాన సంఖ్యేనని పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా భావించాడు. అయితే అది 641×67,00,417 అని 1732లో ఆయిలర్ నిరూపించాడు. కాబట్టి ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు.

సిస్సా కథ చరిత్రకు నిలిచినా నిలవకపోయినా లెక్క మాత్రం నిలుస్తుంది. ఫెర్మా వంటి మేధావి అభిప్రాయమైనా పరీక్షకు నిలవకపోతే వదులుకోవలసిందే. విన్నదానిని విన్నట్లుగా నమ్మక, రుజువు చూసిన తరువాత అంగీకరించిన ఇబ్న్ ఖల్లికాన్ పద్ధతి విద్యార్థులకు ఎల్లప్పుడూ అనుసరణీయం.