గోడకు బిగించిన మోటారు

నాట్ల కాలం వచ్చిందంటే మెదక్‌లో మోటారు వైండింగ్ షాపుల ముందు నిలబడ చోటుండదు. మొన్న ఒక రైతు వచ్చి, మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు సన్నగా వస్తున్నాయన్నాడు. "ఫేజులు ఉల్టా అయినట్టున్నయే అన్నా. రెండు వైర్లు అటుదిటు మార్చి పెట్టు, గంతే" అన్నాడు మెకానిక్, రాగి తీగ చుడుతూనే.

మోటారును కావాలనే ఉల్టా తిప్పుకుంటూ బతికే జీవి మన పేగుల్లోనే ఉంది: ఈ-కొలై అనే బాక్టీరియా. పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. కేంద్రకం లేదు. ముద్దగా చుట్టుకున్న డీఎన్ఏ, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు, చుట్టూ పలుచటి పొర, దానిపై గోడ, ఆ పైన ఇంకో పొర. సంసారమంతా అంతే. ఒంటి మీద అక్కడక్కడా నాలుగైదు తోకలు.

1676లో లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినితో మిరియాలు నానబెట్టిన నీటిలో బాక్టీరియా కదలడం చూశాడు. ఆ తర్వాత సుమారు మూడు వందల ఏళ్లు, తోకను చేపలా ఆడించి ఈదుతుందనే ఎక్కువమంది అనుకున్నారు. 1973లో హొవార్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్తలు తోక ఆడదు, తిరుగుతుంది అన్నారు. మరుసటి ఏడు సిల్వర్‌మన్, సైమన్ తేల్చేశారు. వాళ్లు చేసింది చిన్న పని: తోకను గాజుపలకకు అంటించారు. తోక కదల్లేదు, ఒళ్లు గిర్రున తిరిగింది! షాఫ్ట్‌ను పట్టి ఆపితే మోటారు బాడీయే తిరిగినట్టన్నమాట.

తోక మొదట్లో ఉన్న ఆ మోటారు వెడల్పు సుమారు 45 నానోమీటర్లు. అందులోని భాగాలను శాస్త్రవేత్తలు కూడా రోటర్, స్టేటర్, బుష్ అనే అంటారు. కరెంటు బదులు ప్రోటాన్లు బయటి నుంచి లోపలికి పారతాయి. ఒక్క చుట్టుకు వెయ్యికి పైగా. సెకనుకు 300 చుట్లు, అంటే నిమిషానికి 18,000. మన బోరు మోటారు మూడు వేలు దాటదు. ఇంకో విద్య కూడా ఉంది దీని దగ్గర. బరువు పెరిగితే కొత్త స్టేటర్లు వచ్చి చేరతాయి, పదకొండు దాకా. మన మోటారైతే కాయిల్ కాల్చుకుని షాపుకు వస్తుంది.

మోటార్లన్నీ అపసవ్యంగా తిరిగితే తోకలు జడలా పెనవేసుకుని కణం సూటిగా పోతుంది. ఒక సెకను అయ్యాక ఏ ఒక్కటో ఉల్టా తిరిగితే చాలు, జడ విడిపోతుంది, కణం పల్టీ కొడుతుంది, మళ్లీ ఇంకో దిక్కుకు. ఒళ్లు మరీ చిన్నది కనుక తిండి ఏ పక్క ఎక్కువుందో నిలబడి పోల్చుకోలేదు. ఇందాకటి కంటే ఇప్పుడు రుచి పెరిగిందా అని చూసుకుంటుంది. పెరిగితే పల్టీని వాయిదా వేస్తుంది. అంత చిన్న ఒంటికి నీళ్లు తారులా చిక్కన. మోటారు ఆగితే అణువంత దూరమైనా జారకుండా ఆగిపోతుంది.

ఏ మోటారుకైనా స్టేటర్ బాడీకి బిగిసి ఉండాలి. ఇక్కడ అది కణం గోడకు బిగిసి ఉంటుంది. ఆ గోడ చక్కెర దారాలను చిన్న ప్రొటీన్ ముడులతో కలిపి అల్లిన వల. పెన్సిలిన్ చేసే పని ఆ ముడులు పడనివ్వకపోవడమే. గోడ బలహీనపడి కణం పగిలిపోతుంది. మరి కణం పెరగాలంటే? పాత ముడులు కోస్తేనే కొత్త దారాలకు చోటు. కోసేదెవరు?

దానికి జవాబు మెదక్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో దొరికింది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో మంజులా రెడ్డి బృందం, ఈ-కొలైలో ఆ పని చేసే మూడు ఎంజైములను 2012లో చూపించింది. మూడూ లేకుంటే కణం పెరగలేక చస్తుంది. బాక్టీరియా గోడ మీద చేసిన పరిశోధనలకే ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఆ మూడు కత్తెరలను పట్టి ఆపే మందు మాత్రం ఇంకా మన మందుల షాపుకు రాలేదు.