వెలుతురు తెలిసిన చేతికి ముఖం దొరుకుతుంది

ఏటూరునాగారం: ఇంటి పెద్ద కన్నుమూసిన నాడు అందరూ వెతికేది ఒక ఫోటో కోసం. పెళ్లి ఆల్బం తిరగేస్తారు. పెట్టె అడుగున చూస్తారు. చాలా ఇళ్లలో చివరకు చేతికందేది ఓటరు కార్డు మీది బొటనవేలంత బొమ్మే. దానినే పెద్దది చేయించి, పటం కట్టించి, దండ వేస్తారు. నుదురు తెల్లగా పాలిపోయి, కళ్లు చీకటి గుంటలై ఉన్న ఆ పటాన్ని చూసి ఇది మా నాయన ముఖమేనా అని కన్నకొడుకులే తడబడే సందర్భాలు లేకపోలేదు.

గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న ఏటూరునాగారం ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనిది. 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. ఐటీడీఏ కార్యాలయం ఇక్కడే ఉన్నందున చుట్టుపక్కల గూడేల కోయ జనం పనుల మీద వచ్చిపోతుంటారు. ఏ దరఖాస్తుకైనా ఫోటో తప్పనిసరి. 1993లో టి.ఎన్.శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండగా ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డులు ఇవ్వాలని ఆదేశించారు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని జంకిన ముసలివారు కూడా అటుపై కెమెరా ముందు కూర్చోక తప్పలేదు. అయితే అది కార్డు కోసం తీసిన ఫోటో. మనిషి కోసం తీసిన ఫోటో వేరు. దానిని తీయడం ఒక విద్య. ఆ విద్యకు మొదటి పాఠం వెలుతురు.

దీన్‌దయాళ్ నాటి నుంచి

ముఖచిత్రాలు తీయడంలో మన ప్రాంతానికి గొప్ప చరిత్రే ఉంది. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఫోటోగ్రఫీని వృత్తిగా చేసుకున్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరై, 1894లో రాజా బిరుదు పొందారు. సికింద్రాబాదులో స్టూడియో నడిపారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో విడిగా ఒక స్టూడియో తెరిచి, దాని బాధ్యతను ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించారు. కూర్చున్న మనిషికి బెరుకు పోతేనే ముఖం ముఖంలా వస్తుందని ఆనాడే గ్రహించారన్నమాట.

ఆ రోజుల్లో స్టూడియోలు ప్రధానంగా పగటి వెలుతురు మీదే ఆధారపడేవి. కప్పులో అద్దాలు బిగించి, తెరలు జరుపుతూ వెలుగును అదుపు చేసేవారు. మెగ్నీషియం పొడిని మండించి వెలుగు పుట్టించే పద్ధతి 1887లో జర్మనీలో వచ్చింది. పొగ, మంట, ప్రమాదం దానికి తోడు. 1930 ప్రాంతంలో ఒక్కసారి వెలిగి మాడిపోయే బల్బులు వచ్చాయి. 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అభివృద్ధి చేసిన ఎలక్ట్రానిక్ పద్ధతి నుంచే నేటి ఫ్లాష్‌లు వచ్చాయి. రెప్పపాటులో వందో వంతు కూడా ఉండని మెరుపు అది.

అరుగే స్టూడియో

పల్లెల్లో అద్దాల కప్పు ఎక్కడిదని సందేహించనక్కర లేదు. ప్రతి ఇంటి ముందూ అరుగు ఉంది, దర్వాజ ఉంది. మనిషిని దర్వాజకు జానెడు లోపల కూర్చోబెట్టి, ముఖం కాస్త బయటికి తిప్పించి చూడండి. ఒక చెంప మీద వెలుగు పరుచుకుంటుంది. రెండో చెంప మీద మెత్తని నీడ పడుతుంది. ముడతలు, చెంప ఎముక, ముక్కు తీరు అన్నీ పలుకుతాయి. నీడ మరీ చిక్కగా ఉంటే ఆ పక్కన తెల్లని పంచె పట్టుకుని నిలబడితే చాలు. పంచె మీద పడిన వెలుగు తిరిగి చెంపను తాకుతుంది. ఉత్తరపు దర్వాజైతే మరీ మంచిది. ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ పడదు.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు బయట నిలబెట్టి తీయడం పెద్ద పొరపాటు. కనుబొమ్మల నీడ కళ్లను మింగేస్తుంది. తలపాగా ఉంటే సగం ముఖమే పోతుంది. ఉదయం ఎండ ఎక్కకముందు, సాయంత్రం పొద్దు వాలేటప్పుడు, లేదా చెట్టు నీడలో తీయాలి. ఆకుల సందుల నుంచి ఎండ మచ్చలు ముఖంపై పడకుండా చూసుకోవాలి.

రీలు కెమెరాల కాలంలో దీనికి ఒక లెక్క ఉండేది. వంద వేగం ఫిల్ముకు షట్టరు 125 పెడితే, మంచి ఎండలో అపర్చరు 16, నీడలో 5.6. యాషికా కెమెరాలో ఓర్వో రీలో, ఊటీలో తయారైన ఇందు రీలో వేస్తే వచ్చేవి పన్నెండు ఫోటోలే. అందుకే బొత్తాం నొక్కేముందు వెలుతురును చూసే అలవాటు వారికి దానంతటదే అబ్బింది.

ఫ్లాష్ మర్మం

రాత్రి పెళ్లికి, చీకటి గదికి ఫ్లాష్ కావాలి. అయితే కెమెరా నెత్తిన పెట్టి నేరుగా కొడితే ముఖం చదునై, వెనుక గోడపై నల్లని నీడ పడుతుంది. కటకానికి దగ్గరగా ఉన్న వెలుగు కంటిపాప లోపలి నెత్తురు పొరను తాకి తిరిగి రావడం వల్ల కళ్లు ఎర్రగా పడతాయి. ఫ్లాష్‌ను చెయ్యి చాచినంత పక్కకు, కొంచెం ఎత్తుకు తీసుకెళితే ఈ రెండు బాధలూ తగ్గుతాయి. సున్నం వేసిన తెల్లగోడకు కొట్టి, తిరిగొచ్చే వెలుగుతో తీస్తే ఇంకా మెత్తగా వస్తుంది. అప్పుడు అపర్చరు రెండు మెట్లు ఎక్కువ తెరవాలి. నీలం గోడకు కొడితే ముఖానికీ నీలమే అంటుతుంది.

దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పెళ్లి గుంపు ఫోటోలో ముందు వరుస పాలిపోయి, వెనుక వరుస చీకట్లో కలిసేది ఇందుకే. అందరినీ కెమెరాకు ఒకే దూరంలో వంపుగా నిలబెట్టాలి. లెక్క కూడా సులువే. గైడ్ నంబరు 28 అయితే, మూడున్నర మీటర్ల దూరానికి 28ని 3.5తో భాగించాలి. అపర్చరు 8 వస్తుంది.

పగలు కూడా ఫ్లాష్‌తో పని ఉంది. తలపాగా కింది నీడను కొద్దిపాటి ఫ్లాష్ తొలగిస్తుంది. అది ఉన్నట్టు తెలియనంత తక్కువగా ఉండాలి.

చామనఛాయ ముఖం, తెల్లని చొక్కా

మన ప్రాంతంలో అందరికీ ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. తెల్లచొక్కా తొడుక్కుని తెల్లగోడ ముందు కూర్చున్న నల్లని మనిషి ఫోటోలో మరీ నల్లబడతాడు. కెమెరా ఆ తెలుపంతా చూసి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించడమే కారణం. వెలుగును చొక్కా మీద గాక ముఖం మీద కొలవాలి. సెల్‌ఫోన్ అయితే తెర మీద ముఖాన్ని వేలితో తాకాలి. ముఖాన్ని తెల్లగా చేయడం ఫోటో విద్య కాదు. ఉన్న రంగును ఉన్నట్టు, కళతో చూపాలి.

ఫోన్‌తో తీసేవారు అడుగు దూరంలోకి రాకూడదు. ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. అయిదారు అడుగుల దూరం ఉండాలి. ఫోన్‌లోని చిన్న దీపం పక్కన బెట్టి, ఇంకొకరి ఫోన్ దీపాన్ని తెల్లని బట్ట చాటున ఒక పక్క నుంచి పట్టిస్తే రాత్రి కూడా పని జరుగుతుంది.

మాట కలిపాకే బొత్తాం

ఇన్ని తెలిసినా మనిషి బిగుసుకుని కూర్చుంటే ఫలితం లేదు. పంట సంగతో, మనవల సంగతో కదిలిస్తే ముసలివారి కళ్లలో కాంతి వస్తుంది. దానికోసం కాచుకోవాలి.

ఇప్పుడు చాలా ఇళ్లలో సెల్‌ఫోన్ ఉంది. అయినా ఇంటి పెద్దల మంచి ఫోటో ఎన్ని ఇళ్లలో ఉందో ఎవరికి వారు చూసుకోవాలి. ఫోన్ పోతే అందులోని బొమ్మా పోతుంది. దీన్‌దయాళ్ గాజు పలకల నెగెటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. నవాబుల ముఖాలు అలా నిలిచాయి. గూడెంలోని తాత ముఖం నిలవాలంటే మనవడు ఒక ఉదయం ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, తీసిన ఫోటోను కాగితం మీద వేయించాలి. దండ వేసే రోజు వరకు ఆగనక్కర లేదు. ఆయన చూసుకుని మురిసిపోయేలా బతికుండగానే గోడకు తగిలిస్తే అంతకన్నా కావలసిందేముంది?