ముప్పై అయిదో వంతు షెర్మన్

నలభై ఏళ్ళ నాటి ట్యాంకు కిట్ ఒకటి ఈ మధ్య నా బల్ల మీదికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికన్ షెర్మన్, ఎం4ఏ3 రకం, 1:35 స్కేలు. పెట్టె మూత తీసి చూస్తే నల్లటి మెత్తని పట్టాలు రెండూ చక్రాల మీద వాలి పడివున్నాయి. వాటిని ఎత్తబోతే అంటుకుపోయి ఉన్నాయి. మెల్లగా ఊడదీస్తే, పట్టా గళ్ళు చక్రం అంచున ముద్ర పడినట్టు దిగిపోయి కనిపించాయి. అక్కడి ప్లాస్టిక్ జిగటగా మారి, గోరు ఆనిస్తే గుంట పడుతోంది. పెట్టెకు ఎండ తగల్లేదు, సెగ సోకలేదు. రెండు ప్లాస్టిక్‌లు ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి తాకుతూ ఉన్నాయి, అంతే.

చక్రాలు పాలీస్టైరీన్. పాత కిట్లలో ఆ మెత్తని పట్టాలు చాలావరకు వినైల్, అంటే పీవీసీ. పీవీసీ సహజంగా గట్టి పదార్థం. మన ఇళ్ళలో నీళ్ళ గొట్టాలు దానితోనే చేస్తారు. దాన్ని చక్రాల చుట్టూ వంగేలా చేయాలంటే ప్లాస్టిసైజర్ అనే నూనె లాంటి ద్రవాన్ని కలపాలి. ఆ ద్రవం పీవీసీ అణువులకు రసాయనికంగా బంధించబడి ఉండదు, వాటి సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. కాలం గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. పక్కన పాలీస్టైరీన్ ఉంటే అందులోకి చొరబడి దాన్ని కూడా మెత్తబరుస్తుంది. కాబట్టి పాత కిట్ చేతికి వచ్చినవారు మొదట చేయాల్సిన పని పట్టాలను వేరే సంచిలో పెట్టడం. మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

ఈ చిన్న ఘటన నుంచే నా వాదన మొదలవుతుంది. పాత నమూనాకు మెరుగులు దిద్దడాన్ని చాలామంది అలంకరణగా చూస్తారు. నా దృష్టిలో అది పదార్థ విజ్ఞానం. కిట్‌లో ఎక్కడ లోపం ఉందో, ఎందుకు ఉందో, ఏది సవరించదగినదో తెలియాలంటే ప్లాస్టిక్ స్వభావమూ అచ్చు స్వభావమూ ముందు తెలియాలి.

1:35 అనే స్కేలుకే ఒక కథ ఉంది. 1960ల తొలి ఏళ్ళలో జపాన్‌లోని షిజువోకాకు చెందిన తమియా సంస్థ జర్మన్ పాంథర్ ట్యాంకు నమూనాను మోటారుతో నడిచేలా తయారుచేసింది. లోపల మోటారుకూ రెండు బ్యాటరీలకూ చోటు కావాలి. హల్, అంటే ట్యాంకు దేహం, వెడల్పు ఆ లెక్కన తేలింది. తర్వాత కొలిచి చూస్తే అది సుమారుగా ముప్పై అయిదో వంతు అయిందని ఆ సంస్థకు చెందిన షున్‌సాకు తమియా స్వయంగా వివరించారు. బ్యాటరీ సైజు నిర్ణయించిన ఆ నిష్పత్తే నేడు ప్రపంచమంతటా సైనిక వాహన నమూనాలకు ప్రధాన ప్రమాణం. పాత ట్యాంకు కిట్లలో అనేక లోపాలకూ మూలం ఆ మోటారే. స్విచ్చి కోసం హల్ అడుగున రంధ్రం, గేర్ల కోసం వదిలిన ఖాళీ, పట్టాల మీదుగా పక్కలకు పొడుచుకొచ్చే స్పాన్సన్ల కింద అడుగు లేకపోవడం, ఇవన్నీ కదిలే బొమ్మ నుంచి సంక్రమించిన లక్షణాలు. నా ముందున్న షెర్మన్‌కు కూడా స్పాన్సన్ల అడుగు లేదు. నమూనాను కొంచెం వాల్చి చూస్తే పట్టా పైనుంచి హల్ లోపలి చీకటి కనిపిస్తుంది. 0.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటును రెండు పొడుగాటి పట్టీలుగా కోసి అతికిస్తే చాలు. అరగంట పని, ఫలితం మాత్రం చాలా పెద్దది.

ఇక అచ్చు సంగతి. పాలీస్టైరీన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, తీవ్రమైన ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి చిమ్ముతారు. అది చల్లారాక అచ్చు రెండు సగాలుగా విడిపోవాలి, భాగం పట్టుకోకుండా బయటికి రావాలి. అందుకే గోడలను నిటారుగా కాక ఒకటి రెండు డిగ్రీల వాలుతో చెక్కుతారు. అచ్చు తెరుచుకునే దిశకు అడ్డంగా ఉండే వివరాలు సాధారణ అచ్చులో రావు. ఫిరంగిని మోసే టరెట్ పక్కల నునుపుగా, బోసిగా ఉండటానికీ, ఫిరంగి మూతి బెజ్జం లేకుండా మూసుకుపోయి ఉండటానికీ కారణం అదే. దళసరి భాగాల్లో నడిమధ్య ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారుతుంది, చల్లారుతూ కుంచించుకుని పైపొరను లోపలికి లాగుతుంది. దానివల్ల పడే గుంటలను పుట్టీతో పూడ్చాలి. భాగాన్ని బయటికి నెట్టే పిన్నుల గుండ్రటి గుర్తులు వేరే. అచ్చు అరిగిన కొద్దీ అంచుల వెంట పల్చటి రేకులు కూడా వస్తాయి.

వీటన్నిటికంటే లోతైన సమస్య మందం. పొడవు, వెడల్పులను ముప్పై అయిదో వంతుకు తగ్గించవచ్చు. కాని కరిగిన ప్లాస్టిక్ సన్నని సందుల్లో చివరిదాకా పారకముందే గడ్డకడుతుంది కాబట్టి, మందం ఒక హద్దు దాటి తగ్గదు. ఈ షెర్మన్ ముందు కవచం అసలు మందం 64 మిల్లీమీటర్లు, స్కేలులో 1.8 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ దాన్ని సునాయాసంగా చూపగలదు. పక్క కవచం 38 మిల్లీమీటర్లు. అంటే స్కేలులో 1.1. అదీ ఫర్వాలేదు. కాని హెడ్‌లైటుకు కాపుగా ఉండే ఇనుప పట్టీ, పట్టాల మీది మడ్‌గార్డు రేకు అసలు ట్యాంకులో కొద్ది మిల్లీమీటర్ల మందమే ఉంటాయి. స్కేలులో అది 0.1 మిల్లీమీటరు. కిట్‌లో అవి దాదాపు 1 మిల్లీమీటరు ఉన్నాయి. దాన్ని 35తో గుణించి చూడండి: తేలికైన రేకు కాస్తా పక్క కవచమంత మందమైపోయింది. పాత నమూనా బొమ్మలా కనిపించడానికి అసలు కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. రంగు తర్వాతి మాట.

కాబట్టి ఖర్చయినా, శ్రమయినా సన్నటి వస్తువుల మీదే పెట్టాలి. ఇందుకు బజారులో ఫొటో ఎచ్చింగ్ ఇత్తడి రేకులు దొరుకుతాయి. పల్చని ఇత్తడి రేకుకు కాంతికి స్పందించే పూత పూసి, బొమ్మ గీసిన ఫిల్ము గుండా అతినీలలోహిత కాంతి పడేస్తారు. పూత నిలిచిన చోట ఇత్తడి మిగులుతుంది, తొలగిన చోట ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం దాన్ని తినేస్తుంది. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల మీద రాగిని తొలగించే పద్ధతీ ఇదే. ఆ రేకు బిరుసుగా ఉండి గుండ్రంగా వంగకపోతే మంట మీద కాసేపు వేడిచేసి చల్లార్చాలి. వేడికి లోహపు స్ఫటికాలు కొత్తగా ఏర్పడి ఇత్తడి మెత్తబడుతుంది. ఇత్తడి రేకు దొరకనివారికి కూల్‌డ్రింక్ డబ్బా ఉంది. దాని అల్యూమినియం గోడ మందం సుమారు 0.1 మిల్లీమీటరు, సరిగ్గా మనకు కావలసినంత. టరెట్ మీది పట్టుకమ్మీల కోసం మోటారు వైండింగ్ షాపులో 26 గేజీ రాగి తీగ అడగండి. దాని వ్యాసం 0.46 మిల్లీమీటర్లు, అసలు ట్యాంకు మీద అది 16 మిల్లీమీటర్ల కమ్మీ అవుతుంది. ఫిరంగి లోపలి వ్యాసం 75 మిల్లీమీటర్లు కాబట్టి, మూతిని చేతి డ్రిల్లుతో 2 మిల్లీమీటర్ల మేర తొలిస్తే సరిపోతుంది. లోహాన్ని ప్లాస్టిక్‌కు అతికించడానికి మామూలు ప్లాస్టిక్ సిమెంటు పనికిరాదు. సిమెంటులోని ద్రావకం పాలీస్టైరీన్‌ను కరిగించి, రెండు ముక్కల అణు గొలుసులను ఒకదానిలో ఒకటి పెనవేస్తుంది. ఆరాక అక్కడ అతుకు లేదు, ఒకే ప్లాస్టిక్ ఉంది. ఇత్తడి అలా కరగదు. అక్కడ గాలిలోని తేమతో గట్టిపడే సైనోయాక్రిలేట్ కావాలి.

ఖర్చు లేకుండా చేయగల పని ఒకటి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. విడిభాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రాన్ని స్ప్రూ అంటారు. భాగాలు కోసుకున్నాక పారేస్తారు. దాని ముక్క ఒకటి తీసుకుని, దీపం మంటకు రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉంచి వేళ్ళతో తిప్పుతూ ఉండాలి. పాలీస్టైరీన్ 100 డిగ్రీల ప్రాంతంలో గాజు స్థితిని వదిలి మెత్తబడుతుంది. మధ్యభాగం నిగనిగలాడుతూ కిందికి వాలడం మొదలవగానే మంట నుంచి తప్పించి, ఒక్క క్షణం ఆగి, రెండు చివరలూ పట్టుకుని లాగాలి. వెంట్రుకంత సన్నని తీగ సాగుతుంది. వేగంగా లాగితే సన్నగా, నెమ్మదిగా లాగితే లావుగా వస్తుంది. ఆ తీగను కవచం పలకలు కలిసే చోట పరిచి, ద్రవ సిమెంటు పూసి, మెత్తబడ్డాక బ్లేడు మొనతో వరసగా నొక్కితే వెల్డింగు అతుకు తయారవుతుంది. మిగిలిన తీగ యాంటెనా అవుతుంది. రెండు కొసలూ అతికిన తీగ ఎక్కడైనా వదులుగా వేలాడితే, వెలిగించిన అగరుబత్తిని తాకించకుండా దగ్గరికి తీసుకెళ్ళండి. తీగ కళ్ళముందే బిగుసుకుంటుంది. సాగదీసినప్పుడు ఒకే దిశకు తీరిన అణు గొలుసులు చల్లారి అలాగే నిలిచిపోయాయి. సెగ తగలగానే అవి చిక్కుపడిన తమ సహజ స్థితికి తిరిగి ముడుచుకుంటాయి. ఎంట్రొపీ అనే మాటను పాఠంగా చెప్పేవారు ఈ తీగను ఒక్కసారి పిల్లలకు చూపితే ఎంత బాగుంటుంది!

షెర్మన్ టరెట్ పోత ఉక్కు. ఇసుక అచ్చులో పోసింది కాబట్టి ఉపరితలం గరుకుగా ఉంటుంది. కిట్ టరెట్ మాత్రం గాజులా నున్నగా ఉంది. స్ప్రూ ముక్కలను ద్రవ సిమెంటులో కరిగించి పల్చని పేస్టు చేసి, బిరుసు కుంచెతో టరెట్ మీద పొడిచినట్టు అద్దాలి. ఆరాక పైపైన సాండ్‌పేపరు రుద్దాలి. ఇక్కడ స్కేలు మరవకూడదు. అసలు ఉక్కు మీది గరుకు ఒకటి రెండు మిల్లీమీటర్లయితే, నమూనా మీద అది 0.06 మిల్లీమీటర్లకు మించదు. చాలా నమూనాలు కమలాపండు తొక్కలా కనిపించడం అతిగా అద్దడం వల్లనే. వెలుగు ఏటవాలుగా పడినప్పుడు మాత్రమే కనిపించాలి. రంగుకూ ఇదే న్యాయం: పొర మందం 0.05 మిల్లీమీటర్లు ఉంటే అసలు ట్యాంకుకు దాదాపు 2 మిల్లీమీటర్ల పూత పూసినట్టు. అందుకే ఎయిర్‌బ్రష్‌తో అనేక పల్చని పొరలు వేయాలి.

పట్టాల విషయంలో నేను చాలామందితో విభేదిస్తాను. వినైల్ పట్టా బిగుతుగా ఉంటుందని, పై భాగం కిందికి వాలేలా అతికించాలని సలహా ఇస్తుంటారు. సోవియట్ టీ-34కో, పాంథర్‌కో అది నిజమే. వాటి పట్టాల పిన్నులు వదులుగా ఉంటాయి. షెర్మన్ పట్టా లింకులకు రబ్బరు బుషింగులు ఉంటాయి, పట్టాను బిగించి నడుపుతారు, పైభాగాన్ని చిన్న రోలర్లు మోస్తాయి. షెర్మన్ పట్టా వాలిపోయి కనిపిస్తే అది పొరపాటు. అసలు లోపం మరోచోట ఉంది. 30 టన్నుల ట్యాంకును మూడు దిశల్లోనూ ముప్పై అయిదో వంతుకు కుదిస్తే 700 గ్రాముల బరువు రావాలి. ప్లాస్టిక్ నమూనా అందులో చిన్న భాగం కూడా తూగదు. అందువల్ల నేల మీద తేలుతున్నట్టు నిలబడుతుంది. చక్రాలను జతలుగా మోసే బోగీల చేతులను కొద్దిగా మలిచి, చక్రాలు నేల ఎత్తుపల్లాలకు అనుగుణంగా కూర్చునేలా అతికించాలి. బురద దృశ్యం చేస్తుంటే, బురద తడిగా ఉండగానే ట్యాంకును అందులోకి నొక్కాలి.

ఇంతవరకు చెప్పింది ఏ షెర్మన్‌కైనా వర్తిస్తుంది. తెలుగువారికి మాత్రం ఒక షెర్మన్‌తో ప్రత్యేక బంధం ఉంది. 1790లో హైదరాబాదు నిజాం కొలువులో పుట్టిన అశ్వికదళం పరంపరే నేటి డెక్కన్ హార్స్. ఆ దళం 1945లో బర్మాలో, 255వ ఇండియన్ ట్యాంక్ బ్రిగేడ్‌లో భాగంగా మెయిక్‌టీలా వైపు షెర్మన్ల మీద సాగింది. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ పొలాల్లో పాకిస్తాన్ సేన కొత్త పాటన్ ట్యాంకులను ఎదుర్కొన్నప్పుడూ ఆ దళం దగ్గర ఉన్నవి షెర్మన్లే. పెట్టెలోని ఎం4ఏ3కి డెక్కన్ హార్స్ గుర్తులు అంటించి బర్మా ట్యాంకు అనవచ్చా? అనకూడదు. బర్మాలో ఆ బ్రిగేడ్ నడిపినది ఎం4ఏ4. అయిదు క్రైస్లర్ కారు ఇంజన్లను ఒకటిగా కలిపిన 30 సిలిండర్ల యంత్రం దానిది. అది పట్టేందుకు హల్‌ను 11 అంగుళాలు పొడిగించారు. బోగీల మధ్య ఎడం పెరిగింది. ముందు పలక నిలువు నుంచి 47 డిగ్రీలు కాక 56 డిగ్రీలు వాలింది. ఇంజను పైకప్పు మీద ఉబ్బు వచ్చింది. ముందు అడుగున గేరుపెట్టె కవచం ఒకే పోత కాక, బోల్టులతో కలిపిన మూడు ముక్కలు.

అంటే పాత హల్‌ను అడ్డంగా కోసి 8 మిల్లీమీటర్లు కలపాలి, ముందు పలకనూ ఇంజను పైకప్పునూ కొత్తగా షీటుతో కట్టుకోవాలి. నెల రోజుల పని. కోత కోసే ముందు పాత ఫొటోలు చూసి పట్టాల లింకులు లెక్కపెట్టండి. ఎం4ఏ3కి ఒక్కో వైపు 79, ఎం4ఏ4కి 83. ఒక్కో లింకు 6 అంగుళాలు. అదనపు నాలుగింటిలో రెండు పైన, రెండు కింద. ఆ 11 అంగుళాల పొడుగు ఎక్కడికి పోయిందో అక్కడే కనిపిస్తుంది.