ఎండకు నిలిచిపోవు పెట్రోలు లారీ

సభ్యులలో పాత పెట్రోలు లారీలు గలవారు కొందరు ఇంకను ఉన్నారు. వారి కుపయోగపడునని మా అనుభవమును వ్రాయుచున్నాము.

గత వైశాఖమున మా సంఘపు పాత లారీ టమాటా గంపలతో పట్టణమునకు పోవుచు, రైల్వే గేటువద్ద పావుగంట ఆగినది. గేటు తెరచిరి గాని లారీ కదలలేదు. డ్రైవరు సెల్ఫు కొట్టికొట్టి బ్యాటరీని నీరసింపజేసెను. కబురంపగా వచ్చిన మేస్త్రీ కార్బురేటరు విప్పి, గంటసేపు తుడిచి బిగించెను. నలుగురు త్రోయగానే ఇంజను పలికినది. సంతోషించి కూలి యిచ్చితిమి. గంపలలో నాలుగవవంతు సరకు మెత్తబడి, మార్కెట్టులో అడిగినవాడు లేకపోయెను. మరుసటి వారము అదే గేటువద్ద లారీ మరల నిలిచినది!

మేస్త్రీ చూపిన మురికి నిజమే. అయినను లారీని నడిపించినది ఆ గంటసేపటి విరామము. ఈ రోగమును వేపర్ లాక్, అనగా ఆవిరి అడ్డు, అందురు. చల్లబడినచో తనంతట పోవును గనుక, అప్పుడు చేత పానా పట్టుకొన్నవానికి కీర్తి దక్కును.

పెట్రోలు పలు నూనెల మిశ్రమము. అందలి తేలికభాగములు 40 డిగ్రీల సెంటీగ్రేడు దాపుననే మరుగ నారంభించును. పాత లారీలలో పంపు ఇంజనుకే బిగించియుండి, దూరముననున్న టాంకునుండి పెట్రోలును పీల్చును. పీల్పువలన గొట్టములో ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గిన ద్రవము సులభముగ మరుగును. బావిమీది పంపుసెట్టు పీల్పుగొట్టములో గాలి చేరిన నీరెత్తని సంగతి రైతు లెరిగినదే, ఇదియు నట్టిదే. బండి నడచునప్పుడు గాలి తగిలి గొట్టము కొంత చల్లబడును. నిలిపినప్పుడు ఇంజను వేడి యంతయు పంపునకును గొట్టమునకును ఎక్కును. నేటి పెట్రోలులో కలియు ఇథనాలు ఆవిరగు గుణమును కొంత పెంచును. పాత రబ్బరు గొట్టములను చెరచును కూడ.

బండి నిలిచినవెంటనే, ఇంజను ఆడించకయే, గాలిజల్లెడ తీసి కార్బురేటరు నోట చూచుచు యాక్సిలరేటరు మీటను ఒకమారు లాగవలెను. పెట్రోలు సన్నధారగ చిమ్మినచో లోపము వేరొకచోట నుండవచ్చును. అప్పుడు ప్లగ్గులో నిప్పురవ్వ చూడుడు. వేడికి చెడి, చల్లబడిన బాగగు కాయిల్ కూడ ఇట్లే మోసగించును. చిమ్మనిచో టాంకుమూత తీయుడు. బుస్సున గాలి లోనికి పోయినచో మూతలోని రంధ్రము పూడినది. అదియు కానిచో పంపునకు, గొట్టమునకు తడిగుడ్డ చుట్టుడు. కొలది నిమిషములలో ఇంజను పలికినచో ఆవిరి అడ్డేయని తలపవచ్చును. ఘాటైన పెట్రోలు వాసన, నల్లపొగ వచ్చినచో పెట్రోలు కార్బురేటరులోనే మరిగి పొంగినదని యెరుగుడు. చుట్ట, బీడి దూరముగ నుంచవలెనని చెప్పనక్కరలేదు, అయినను చెప్పుచున్నాము. కాగిన ఇంజనుపై చన్నీళ్లు గుమ్మరింపరాదు, పోతయినుము పగులును.

మేము చేసినది స్వల్పము. పొగగొట్టము చెంతనుండి పోవు పెట్రోలు గొట్టమును ఎడముగ మార్చి, నడుమ రేకును అడ్డుగ బిగించితిమి. రేకు గొట్టమునకు తగులరాదు. పగిలిన రబ్బరు ముక్కలు తీసి, ఇథనాలుకు తట్టుకొనువానిని వేయించితిమి, రేడియేటరు కడిగించితిమి. అప్పటికిని తీరనిచో టాంకువద్ద విద్యుత్తుపంపు పెట్టించుట మేలు. అది గొట్టములోనికి పెట్రోలును త్రోయును గనుక ఒత్తిడి పెరిగి మరుగుట తగ్గును. దాని ఒత్తిడి కార్బురేటరునకు తగినదై యుండవలెను. ఇంజను ఆగినతోడనే పంపును ఆగునట్లు అమర్చవలెను. గొట్టమునకు బట్టల కొయ్యక్లిప్పులు తగిలించు వాడుక కొందరిలో కలదు. మాకు దానివలన లాభము కనబడలేదు. డీజిలు లారీలకు సాధారణముగ ఈ బాధ లేదు. వానిలో గాలి జొరబడుట వేరు సంగతి.

జ్యేష్ఠమున అదే గేటువద్ద 20 నిమిషములు నిలిచియు లారీ కదలినది. మొదటిసారి చెడిన గంపల సొమ్ము మాత్రము సంఘపు నష్టముల పద్దులో ఇంకను నిలిచియే యున్నది.