టైడా కొండలలో తక్కువ ఖర్చుతో స్పైరులినా పెంపకము



స్పైరులినా క్షారపు నీటిలో నాచువలె పెరుగు సూక్ష్మజీవి. ఆఫ్రికాలోని చాద్ సరస్సు ప్రాంతమువారు దీనిని తరతరాలుగా తినుచున్నారు. ఎండిన పొడిలో సగమునకు మించి మాంసకృత్తులుండును. ఇందలి నీలిరంగు ఫైకోసయనిన్, పసుపురంగు బీటాకెరోటిన్ యాంటీఆక్సిడెంట్లు. అనగా ఆక్సీకరణము వలన కలుగు చెరుపును తగ్గించునవి.

అనువైన కాలము: దీనికి 30 నుండి 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి మేలు. 20 డిగ్రీలకు దిగినచో పెరుగుదల బాగా మందగించును. కావున టైడాలో చలికాలమున మొదలుపెట్టరాదు. మార్చి నెలలో ప్రారంభింపుడు. వాననీరు పడి సోడా పలచబడకుండ తొట్టిపై ప్లాస్టిక్ కప్పు వేయవలెను.

తొట్టి, మందులు: 5 చదరపు మీటర్ల తొట్టిలో 20 సెంటీమీటర్ల లోతు నీరు నింపినచో 1000 లీటర్లగును. 1966 నాటి జరూక్ పద్ధతిలో ఇంత నీటికి వంటసోడా 16.8 కిలోలు కావలెను. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ పద్ధతిలో 4.5 కిలోలు చాలును. దీనికి సోడియం నైట్రేటు 1.5 కిలోలు, పొటాషియం సల్ఫేటు 1 కిలో, ఉప్పు 1 కిలో, డైపొటాషియం ఫాస్ఫేటు అర కిలో, మెగ్నీషియం సల్ఫేటు 200 గ్రాములు, కాల్షియం క్లోరైడు 40 గ్రాములు, అన్నభేది 10 గ్రాములు కలుపవలెను. ఇది తినెడు పంట. కావున శుద్ధమైన రసాయనములనే వాడుడు. విత్తనమును నమ్మకమైన ప్రయోగశాల నుండి తేవలెను. చెరువు నాచు విషపూరితము కావచ్చును; దానిని ఎన్నడును వాడరాదు.

కోత: రోజుకు నాలుగైదు మార్లు నీటిని మెల్లగా కలియబెట్టుడు. నీరు ముదురు ఆకుపచ్చ అయిన పిదప, ఉదయమున మూడవ వంతు నీటిని సన్నని పాలియెస్టరు గుడ్డతో వడకట్టుడు. వడకట్టిన నీటిని మరల తొట్టిలోనే పోయుడు. సోడా ఖర్చు కలిసివచ్చును. గుడ్డపై మిగిలిన ముద్దను మంచినీటితో కడుగవలెను.

వాడుక: అసలు నష్టము ఇచ్చటనే జరుగును. మండుటెండలో ఆరవేసినను, కూరలో ఉడికించినను నీలిరంగు చెడును; దానితో గుణమును తగ్గును. తాజా ముద్దను అదే రోజున చల్లారిన చోడి అంబలిలో కలిపి త్రాగుట అన్నిటికంటె సులువు, చౌక. నిలువ చేయదలచినచో సన్నని పోగులుగా పరచి, నల్లగుడ్డ కప్పిన సోలారు డ్రయ్యరులో ఆనాడే ఆరబెట్టుడు. తడి మిగిలినచో బూజు పట్టును.

ఇది మందు కాదు. జబ్బులు నయమగునని నమ్మరాదు. ఉసిరి, మునగాకులందును యాంటీఆక్సిడెంట్లు కలవు. స్పైరులినా వానికి తోడు మాత్రమే. అమ్మదలచినచో ఆహార భద్రతా రిజిస్ట్రేషను తప్పదు. కొనువాడు నిశ్చయముగా దొరకనిదే పెద్ద తొట్లు కట్టి అప్పులపాలు కావలదు. ముందు ఒక్క తొట్టితో, ఇంటి అవసరమునకు, ఒక వేసవి పెంచి చూడుడు.